లింకు తెగినా ఆధారం నిలవాలంటే

ప్రశ్న: నేను కావలి ప్రాంతానికి చెందిన పరిశోధక విద్యార్థినిని. పూర్వపు నెల్లూరు జిల్లాలో చెరువుల తవ్వకం, నిర్వహణ అనే అంశం మీద సిద్ధాంత గ్రంథం రాస్తున్నాను. నా ఆధారాలలో సగానికి పైగా ఇంటర్నెట్‌లో దొరికినవే. పాత పుస్తకాల స్కాన్ ప్రతులు, ప్రభుత్వ ఉత్తర్వులు, దినపత్రికల ఈ-పేపర్లు, జిల్లా వెబ్‌సైటులోని అంకెలు, వికీపీడియా వ్యాసాలు, కొన్ని యూట్యూబ్ వీడియోలు అందులో ఉన్నాయి. మా పర్యవేక్షకులు లింకులన్నీ తీసేసి పుస్తకాల పేర్లు మాత్రమే ఉంచమంటున్నారు. తోటి పరిశోధకురాలు మాత్రం ప్రతిదానికీ పూర్తి లింకు, చూసిన తేదీ ఉండి తీరాలంటోంది. ఈలోగా నేను రాసిపెట్టుకున్న లింకులలో కొన్ని తెరుచుకోవడం మానేశాయి. ఎవరి మాట వినాలి? తెరుచుకోని లింకులను ఏం చేయాలి?

సమాధానం: అమ్మా, మీ పర్యవేక్షకులూ మీ స్నేహితురాలూ చెప్పిన రెండు మాటలూ పుస్తకాలలో ఉన్నవే. కాకపోతే అవి వేర్వేరు కాలాల నియమాలు. సాహిత్య, భాషా పరిశోధకులు ఆధారాలు రాయడానికి ఎక్కువగా అనుసరించే ఎంఎల్ఏ (మోడరన్ లాంగ్వేజ్ అసోసియేషన్) పద్ధతి 2009లో వచ్చిన 7వ కూర్పులో, లింకు ఇవ్వనక్కరలేదని, 'వెబ్' అన్న మాట, చూసిన తేదీ రాస్తే చాలునని చెప్పింది. అదే పద్ధతి 2016లో వచ్చిన 8వ కూర్పులో దాదాపుగా తలకిందులైంది. లింకు ఇవ్వమంది, చూసిన తేదీని మాత్రం రచయిత ఇష్టానికి వదిలింది. సామాజిక శాస్త్రాల వారు వాడే ఏపీఏ (అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్) పద్ధతి కూడా ఇలాగే నడిచింది. ఒకప్పుడు ప్రతి వెబ్ ఆధారానికీ చూసిన తేదీ అడిగిన ఆ పద్ధతి, ఇప్పుడు అమలులో ఉన్న 7వ కూర్పులో, కాలంతో పాటు మారిపోయే పేజీలకు మాత్రమే ఆ తేదీ ఉంటే చాలంటోంది. కాబట్టి ముందుగా మీ విశ్వవిద్యాలయం ఏ పద్ధతిని, ఎన్నో కూర్పును కోరుతున్నదో పరిశోధన విభాగంలో అడిగి తెలుసుకోండి. అక్కడ స్పష్టమైన జవాబు రాకపోతే పర్యవేక్షకుల సమ్మతితో ఒక కూర్పును ఎంచుకుని, ఆ సంగతి పీఠికలో ఒక వాక్యంలో చెప్పి, చివరి పుట దాకా దానినే పాటించండి.

పద్ధతి ఏదైనా, మీరు గట్టిగా పట్టుకోవలసిన విషయం ఒకటే. మీరు చూపవలసింది పత్రాన్ని. అది ఆ రోజు ఏ చోట దొరికిందన్నది తర్వాతి మాట. పొలం దస్తావేజులో తూర్పున ఫలానా వారి భూమి, పడమర ఫలానా వారి బావి అని మాత్రమే రాసుకుంటే, ఆ భూమీ బావీ చేతులు మారిన తర్వాత హద్దు తేలదు. సర్వే నంబరు కూడా ఉంటే తేలుతుంది. లింకు హద్దు వంటిది. రచయిత, శీర్షిక, ప్రచురణ సంస్థ, సంవత్సరం, సంపుటం, పుట, ఉత్తర్వు సంఖ్య వంటివి సర్వే నంబరు వంటివి. మీ పట్టికలో ఒక్కొక్క ఆధారాన్ని తీసుకుని, లింకును వేలితో మూసి చదవండి. మిగిలిన వివరాలతో ఆ పత్రాన్ని ఇంకొకరు వేరేచోట వెతికి పట్టుకోగలరా? పట్టుకోగలిగితే ఆ ఆధారం నిలుస్తుంది. లేకపోతే, లింకు ఈరోజు చక్కగా తెరుచుకుంటున్నా సరే, అది బలహీనమైన ఆధారమే.

ఇది ఊరికే వచ్చిన భయం కాదు. అమెరికాలోని ప్యూ పరిశోధన కేంద్రం 2024లో ప్రకటించిన అధ్యయనం ప్రకారం, 2013లో ఉన్న వెబ్‌పేజీలలో 38 శాతం పదేళ్ల తర్వాత అందుబాటులో లేవు. మనకు ఇంకా దగ్గరి ఉదాహరణ ఉంది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2021 ఆగస్టులో జీఓలను ప్రజలకు అందుబాటులో ఉన్న వెబ్‌సైటులో పెట్టడం నిలిపివేసింది. ఆ ఏర్పాటు మళ్లీ 2024లో మొదలైంది. ఆ రెండింటి నడుమ కాలంలో సిద్ధాంత గ్రంథం సమర్పించిన పరిశోధకులు జీఓకు ఆ వెబ్‌సైటు లింకు ఒక్కటే ఇచ్చి ఉంటే, పరీక్షకుడికి దానిని సరిచూసే దారి ఉండేది కాదు. జీఓ సంఖ్య, అది ఎంఎస్ (మాన్యుస్క్రిప్ట్) రకమా ఆర్టీ (రొటీన్) రకమా అన్నది, జారీ చేసిన శాఖ, తేదీ రాసినవారికి ఆ ఇబ్బంది లేదు. సచివాలయంలో అడిగినా, సమాచార హక్కు కింద దరఖాస్తు పెట్టినా ఆ వివరాలతోనే ఉత్తర్వు దొరుకుతుంది. నీటిపారుదల శాఖ ఉత్తర్వులు మీ పరిశోధనలో ఎక్కువగానే వచ్చి ఉంటాయి కాబట్టి వాటిని ముందుగా సరిచేసుకోండి.

ఇక పాత పుస్తకాల స్కాన్ ప్రతుల సంగతి. మీ అంశానికి ఇవే ప్రాణం కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను. బాస్వెల్ 1873లో కూర్చిన నెల్లూరు జిల్లా మాన్యువల్‌ను మీరు చూసే ఉంటారు. దానిని ఇంటర్నెట్ ఆర్కైవ్ వారి ఆర్కైవ్ డాట్ ఆర్గ్‌లో చదివినంత మాత్రాన అది వెబ్‌సైటు అయిపోదు. అచ్చు పుస్తకపు ఫొటో అది. కాబట్టి అచ్చు పుస్తకానికి రాసినట్లే రాయండి: బాస్వెల్, జె. ఎ. సి., నెల్లూరు జిల్లా మాన్యువల్, మద్రాసు, ప్రభుత్వ ముద్రణాలయం, 1873, ఆ తర్వాత పుట సంఖ్య. చివరలో ఇంటర్నెట్ ఆర్కైవ్‌లోని స్కాన్ ప్రతి అని ఒక మాట, ఆ ప్రతి గుర్తింపు సంఖ్య చేర్చండి. పుస్తకం ఆంగ్లంలో ఉంది కాబట్టి తుది పట్టికలో శీర్షికను ఆంగ్లంలోనే ఉంచాలా, తెలుగులో రాయాలా అన్నది మీ విభాగపు అలవాటును బట్టి తేల్చుకోండి. స్కాన్ అని చెప్పడం చిన్నతనమని కొందరు అనుకుంటారు. నా దృష్టిలో అది నిజాయితీ. మీరు చూసిన ప్రతిలో రెండు పుటలు స్కాన్ కాకుండా జారిపోయి ఉండవచ్చు, అంచు తెగి ఒక అంకె కనిపించకపోవచ్చు. అలాంటి లోపం మీ ఉటంకింపులోకి వస్తే, దాని మూలం ఎక్కడుందో తెలుసుకోవడానికి చదివేవారికి ఆ ఒక్క మాటే ఆధారం.

ఇక్కడ రెండు జాగ్రత్తలు అవసరం. మొదటిది పుట సంఖ్య. తెర మీద పీడీఎఫ్ చూపే సంఖ్య వేరు, పుస్తకపు పుట మీద అచ్చయిన సంఖ్య వేరు. అట్ట, ముఖపత్రం, పీఠిక, విషయసూచిక కలిసి పాతికా ముప్పై పుటల తేడా వస్తుంది. రాయవలసింది అచ్చయిన సంఖ్యనే. రెండవది పుస్తకం వివరాలు. డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా నుంచి ఆర్కైవ్‌లోకి చేరిన పుస్తకాలకు, ముఖ్యంగా తెలుగు పుస్తకాలకు, ఆ పేజీ మీద ఇచ్చిన పేరూ రచయితా సంవత్సరమూ తప్పుల తడకగా ఉండడం మామూలు. రచయిత పేరు ఉండవలసిన చోట సంపాదకుడి పేరు ఉంటుంది, మూడవ ముద్రణకు మొదటి ముద్రణ సంవత్సరం ఉంటుంది. అక్కడి వివరాలను అలాగే తెచ్చి పెట్టుకోకుండా, స్కాన్‌ను తెరిచి ముఖపత్రం, దాని వెనుక పుట చూసి రాసుకోండి.

శాసనాలకు మరింత మంచి వసతి ఉంది. బటర్‌వర్త్, వేణుగోపాల్ చెట్టి కలిసి 1905లో మూడు సంపుటాలుగా ప్రచురించిన నెల్లూరు జిల్లా శాసనాల సంకలనంలో శాసనాలకు తాలూకా వారీగా వరుస సంఖ్యలున్నాయి. కందుకూరు తాలూకాలో ఫలానా సంఖ్య, దర్శి తాలూకాలో ఫలానా సంఖ్య అని రాస్తే, ఏ స్కాన్ చూసినా, ఏ గ్రంథాలయంలో పుస్తకం తెరిచినా, పుట సంఖ్యతో పనిలేకుండా శాసనం చేతికి వస్తుంది. తిక్కన భారతం నుంచి చెరువుల మీద పద్యమేదైనా తీసుకుంటే కూడా ఇదే దారి. ఆంధ్రభారతి వంటి వెబ్‌సైటులో చదివినా పర్వం, ఆశ్వాసం, పద్య సంఖ్య రాయండి. పద్య సంఖ్యలు ముద్రణను బట్టి ఒకటి రెండు అటూ ఇటూ కావచ్చు కాబట్టి ఏ ముద్రణతో సరిచూశారో కూడా చెప్పండి. వెబ్‌లో ఉన్న పద్య పాఠంలో టైపు తప్పులు దొర్లడం తరచూ జరిగేదే, కనుక అచ్చు ప్రతితో పోల్చకుండా పద్యాన్ని సిద్ధాంత గ్రంథంలోకి ఎక్కించకండి.

చూసిన తేదీ ఎక్కడ తప్పనిసరో మీ అంశమే చక్కగా చూపిస్తుంది. బాస్వెల్ రాసిన నెల్లూరు జిల్లాలో ఒంగోలు, కందుకూరు, కనిగిరి, పొదిలి, దర్శి కూడా ఉన్నాయి. 1970లో ఒంగోలు జిల్లా ఏర్పడింది, 1972లో దానికి ప్రకాశం పేరు వచ్చింది. 2022 ఏప్రిల్‌లో జిల్లాలను పునర్వ్యవస్థీకరించినప్పుడు కందుకూరు నెల్లూరు జిల్లాలోకి, అద్దంకి, చీరాల ప్రాంతాలు బాపట్ల జిల్లాలోకి వెళ్లాయి. 2011 జనగణన లెక్కలో ప్రకాశం జిల్లా జనాభా 33,97,448. అదే జిల్లా వెబ్‌సైటు 2022కు ముందు చూపిన మండలాలు, చెరువులు, జనాభా వేరు, ఆ తర్వాత చూపినవి వేరు; పేజీ చిరునామా మాత్రం మారకపోవచ్చు. అలాంటి పేజీని ఆధారంగా చూపినప్పుడు చూసిన తేదీ లేకపోతే మీ అంకె తప్పో, పేజీ మారిందో తేల్చడం ఎవరి వల్లా కాదు. ఇంకా మంచి మార్గం, ఆ అంకెను వెబ్‌సైటు నుంచి కాక 2011 జిల్లా జనగణన పుస్తకం నుంచి నేరుగా తీసుకోవడం. మారే పేజీకి తేదీ కావాలి. స్కాన్ పుస్తకానికి, డీఓఐ ఉన్న వ్యాసానికి అక్కరలేదు. మీ స్నేహితురాలి నియమాన్ని ఈ మేరకు తగ్గించుకోవచ్చు.

డీఓఐ అన్నాను కాబట్టి దాని గురించి రెండు మాటలు. పరిశోధన పత్రికలలోని వ్యాసాలకు ఇచ్చే శాశ్వత గుర్తింపు సంఖ్య అది; ఎప్పుడూ 10తో మొదలై చుక్క, అంకెలు, గీటుతో సాగుతుంది. ప్రచురణకర్త వెబ్‌సైటు మారినా ఆ సంఖ్య కొత్త చోటికి తీసుకెళుతుంది. అది ఉన్నప్పుడు మరే లింకూ వద్దు. విశ్వవిద్యాలయాల సిద్ధాంత గ్రంథాలను భద్రపరిచే శోధగంగ వెబ్‌సైటులోని గ్రంథాలకు కూడా హ్యాండిల్ అనే ఇటువంటి శాశ్వత సంఖ్య ఉంటుంది. బ్రౌజర్ పై పట్టీలో కనిపించే పొడుగాటి చిరునామాకు బదులు పేజీలో విడిగా ఇచ్చిన ఆ హ్యాండిల్‌ను రాయండి. అధ్యాయం మాత్రమే చదివినా గ్రంథం మొత్తం పేరు, పరిశోధకుడి పేరు, విశ్వవిద్యాలయం, సంవత్సరం ఉండాలి.

వికీపీడియాను ఆధారంగా చూపవచ్చా అని చాలామంది నన్ను అడుగుతుంటారు. ఒక చెరువు ఎప్పుడు తవ్వారన్న విషయానికి వికీ వ్యాసాన్ని ఆధారంగా చూపితే పరీక్షకుడు అభ్యంతరం చెబుతాడు, చెప్పడం సబబే. ఆ వ్యాసం అడుగున ఇచ్చిన మూలాన్ని తెరిచి, చదివి, దానిని చూపండి. అడుగున మూలమేదీ లేకపోతే ఆ సంగతిని వాడకపోవడమే మేలు. ఒకవేళ వికీ వ్యాసమే మీ చర్చకు విషయమైతే, ఆ వ్యాసం ఎప్పటికప్పుడు మారుతుంటుంది కాబట్టి, పక్కన ఉండే పనిముట్లలో శాశ్వత లింకు అన్నదానిని నొక్కి, మీరు చదివిన కూర్పు సంఖ్యతో సహా ఇవ్వండి. దీనివల్ల ఇంకొక లాభం కూడా ఉంది. తెలుగు పేరున్న పేజీ చిరునామాను మామూలుగా కాపీ చేస్తే ఒక్కొక్క తెలుగు గుర్తు శాతం గుర్తులూ అంకెలూ కలిసిన తొమ్మిది అక్షరాల గందరగోళంగా మారుతుంది. 'నెల్లూరు' అన్న చిన్న మాటే 72 గుర్తులవుతుంది. ఆ తోరణాన్ని పాదసూచికలో చూసే మీ పర్యవేక్షకులు లింకులన్నీ తీసేయమని ఉంటారని నా అనుమానం. కూర్పు సంఖ్యతో ఉన్న లింకు పొట్టిగా ఉంటుంది, కంటికీ ఇబ్బంది ఉండదు.

ఈ-పేపర్ వార్తల విషయంలో మన ప్రాంతపు పరిశోధకులు ఒక ముఖ్యమైన వివరాన్ని వదిలేస్తున్నారు. తెలుగు దినపత్రికలకు జిల్లాకొక సంచిక ఉంటుంది. సోమశిల నీటి విడుదల గురించో, ఒక ఊరి చెరువు కట్ట తెగడం గురించో నెల్లూరు జిల్లా పేజీలలో వచ్చిన వార్త అదే రోజు హైదరాబాదు సంచికలో ఉండదు, ఒంగోలు సంచికలో కూడా ఉండకపోవచ్చు. పత్రిక పేరు, తేదీ మాత్రమే రాస్తే, వేరే ఊరి గ్రంథాలయంలో ఆ తేదీ పత్రిక తెరిచినవారికి వార్త కనిపించదు. వారు మీరు కల్పించారనుకుంటారు. వార్త శీర్షిక, విలేఖరి పేరు ఉంటే అది, పత్రిక పేరు, ఏ జిల్లా సంచిక, ప్రధాన పత్రికలోనా జిల్లా అనుబంధంలోనా, తేదీ, పుట ఇవన్నీ రాయండి. ఈ-పేపర్ లింకులు కొంతకాలానికి పనిచేయకపోవడం, లేదా చందాదారులకు మాత్రమే తెరుచుకోవడం మామూలు కనుక లింకు మీద ఆశ పెట్టుకోవద్దు. పుటను పూర్తిగా, పత్రిక పేరూ తేదీ కనిపించేలా సేవ్ చేసుకోండి. వార్తను మాత్రం కత్తిరించిన క్లిప్పింగ్ చిత్రం పరీక్షకుడి ముందు నిలవదు.

వాట్సాప్ గ్రూపులో వచ్చిన పీడీఎఫ్‌ను వాట్సాప్ ద్వారా అందినది అని పాదసూచికలో రాసినవారిని చూశాను. పత్రం చేతికి ఎలా వచ్చిందన్నది ఆధారం కాదు. అది ఏ పుస్తకంలోని పుటలో తేల్చుకున్నాకే వాడండి, తేలకపోతే వదిలేయండి. వీడియోలకు మాట్లాడినవారి పేరు, వీడియో శీర్షిక, చానల్ పేరు, ఎక్కించిన తేదీ, మీకు కావలసిన మాట ఎన్నో నిమిషంలో ఎన్నో సెకనులో ఉందో రాయాలి. గంటసేపటి ముఖాముఖికి సమయం చెప్పకుండా లింకు ఇవ్వడం, 500 పుటల పుస్తకానికి పుట సంఖ్య ఇవ్వకపోవడం ఒకటే. పెద్దలు చెప్పిన మాటలు మీ వాదనకు కీలకమైతే వాటిని అక్షరాలా రాసి అనుబంధంలో చేర్చండి, వీడియోను ఎవరైనా తొలగించినా ఆ మాటలు మిగులుతాయి. చాట్‌బాట్‌లను అడిగి తెచ్చిన పుస్తకాల జాబితాను మాత్రం నమ్మకండి. అవి లేని పుస్తకాలకు ఉన్నట్లు రచయితనూ సంవత్సరాన్నీ పుట సంఖ్యనూ అల్లగలవు. కంటితో చూడని పత్రం ఏదీ మీ పట్టికలోకి రాకూడదు.

పట్టిక తయారీకి జొటెరో వంటి సాఫ్ట్‌వేర్ వాడుతుంటే పేర్ల దగ్గర ఆగి చూడండి. ఆంగ్ల పద్ధతిలో ఇంటిపేరు చివర ఉంటుంది కాబట్టి ఆ సాఫ్ట్‌వేర్ చివరి మాటను ముందుకు లాగుతుంది. మన పేర్లలో ఇంటిపేరు ముందే ఉంది. బెజవాడ గోపాలరెడ్డి గారి పేరు విడి మాటలుగా ఉన్న ఆంగ్ల రికార్డు నుంచి వస్తే పట్టికలో 'రెడ్డి' కింద చేరుతుంది. మన జిల్లాలలో ఇక పట్టికలో సగం 'ర' దగ్గరే పోగవుతుంది. తెలుగు రచయితల పేర్లను రెండుగా విడగొట్టకుండా ఒకే గడిలో నింపే వీలు ఆ సాఫ్ట్‌వేర్‌లోనే ఉంది. అలాగే యూనికోడ్ కాని పాత 'అను' ఫాంట్లతో తయారైన పీడీఎఫ్‌ల నుంచి శీర్షికను కాపీ చేస్తే అర్థం లేని గుర్తులు వస్తాయి, వాటిని చేత్తో టైపు చేసుకోవడం తప్పదు.

ఆధారం చూపితే, ఇతరుల రచనలతో ఎంత కలుస్తున్నదో చూపే సారూప్యత శాతం పెరుగుతుందని కొందరు పాదసూచికలు తగ్గించుకుంటున్నారని విన్నాను. అది తప్పు లెక్క. యూజీసీ 2018 నిబంధనల ప్రకారం, మూలం చెప్పి ఉటంకించిన భాగాలు, ఆధారాల పట్టిక, విషయసూచిక, పీఠిక, కృతజ్ఞతలు ఆ లెక్కలోకి రావు. మిగిలిన దానిలో 10 శాతం వరకు శిక్ష లేదు. 10 నుంచి 40 శాతం మధ్య ఉంటే గరిష్ఠంగా ఆరు నెలల లోపు సరిచేసి మళ్లీ ఇవ్వాలి, 60 దాటితే నమోదే రద్దవుతుంది. మూలం చెప్పడం మిమ్మల్ని కాపాడేదే.

ఇక తెరుచుకోని మీ లింకులు. వాటిని ఒక్కొక్కటిగా ఇంటర్నెట్ ఆర్కైవ్ వారి వేబ్యాక్ మెషీన్‌లో వెతకండి. పాత ప్రతి దొరికితే, ఆ చిరునామాలో 14 అంకెల వరుస కనిపిస్తుంది. అది ఆ ప్రతిని తీసిన సంవత్సరం, నెల, తేదీ, గంట, నిమిషం, సెకను. మూల లింకును ముందు రాసి, భద్రపరిచిన ప్రతి లింకును పక్కన ఇవ్వండి. ఇంకా బతికి ఉన్న పేజీలను ఈరోజే అదే చోట 'పేజీని ఇప్పుడే భద్రపరచు' అనే వీలుతో దాచండి, మీ కంప్యూటర్‌లో కూడా ఒక పీడీఎఫ్ ఉంచుకోండి. 2024 అక్టోబరులో ఆ సంస్థ మీద సైబర్ దాడి జరిగి కొన్ని రోజులు అది కూడా మూతపడింది. ఎక్కడా దొరకని పేజీ విషయంలో, మీ దగ్గర సేవ్ చేసిన ప్రతి ఉంటే ఇప్పుడు అందుబాటులో లేదు, పరిశోధకురాలి వద్ద ప్రతి ఉంది అని రాసి, దానిని అనుబంధంలో ఇవ్వండి. ప్రతి కూడా లేకపోతే ఆ వాక్యాన్ని మరో ఆధారంతో నిలబెట్టండి, లేదా తీసేయండి.

పత్రికల వార్తల విషయంలో మాత్రం వెంటనే చేతులెత్తేయవద్దు. కొత్త వార్తలకు నెల్లూరు, ఒంగోలు జిల్లా కేంద్ర గ్రంథాలయాలలో పత్రికల ఫైళ్లు ఉన్నాయేమో అడగండి. స్వాతంత్ర్యానికి ముందూ తర్వాతా వచ్చిన పాత పత్రికలకు వేటపాలెంలోని సారస్వత నికేతనానికి వెళ్లండి. 1918లో స్థాపించిన ఆ గ్రంథాలయం అరుదైన పత్రికల సేకరణకు పేరుపొందింది. కావలి నుంచి రైలు దారే. వెళ్లేముందు తేదీల జాబితా, సంచికల వివరాలు రాసుకుని, గ్రంథాలయం పని వేళలు కనుక్కుని బయలుదేరండి. అక్కడ అచ్చు పత్రికలో ఆ వార్త చూసుకుంటే, మీ పాదసూచికలో లింకు ఉండవలసిన చోట గ్రంథాలయం పేరు రాస్తే సరిపోతుంది.